చలిమిడి పడవ

ఇటు తిరిగి పడుకో బంగారూ. కాలు నా మీద వేసుకో, ఫరవాలేదు. ఊఁ కొడతావా మరి? కొట్టకపోతే కథ ఆగిపోతుంది, ముందే చెప్తున్నా.

అనగనగా గోదావరి కాలువ గట్టున ఒక ఊరు. ఆ ఊళ్ళో వరాలమ్మని ఒకావిడ. పడవ నడిపేవాళ్ళింటి ఆడపిల్ల. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఆవిడ మొగుడు తాతారావు వడ్రంగి. ఎప్పుడూ నోట్లో మేకులు పెట్టుకుని ఉంటాడు, అందుకని మాటలు తక్కువ.

వాళ్ళకి ఒక్కగానొక్క కూతురు కుసుమ. గోదావరి మధ్య లంకలో ఇచ్చారు. ఆ కుసుమకి కడుపు పండింది. ఏడో నెలలో పుట్టింటివాళ్ళు చలిమిడి తెచ్చి ఒళ్ళో పెట్టాలి కదా! కుసుమ అత్తగారు అచ్చియ్యమ్మ నెల్లాళ్ళ ముందే కబురు పెట్టింది. "బుధవారం పదకొండున్నర లోపల మంచిది. దాటితే దుర్ముహూర్తం. వదినగారిని ఆలస్యం చెయ్యొద్దనండి." అచ్చియ్యమ్మంటే లంకంతా హడలే.

లంకకెళ్ళే రేవు పడవేమో ఆ ఏడు ఆగిపోయింది. కుసుమేమో, "అమ్మ చేత్తో పెడితేనే తింటాను, లేకపోతే ముట్టను" అని మొండికేసింది. ఎవరి కూతురు మరి!

అప్పుడు వరాలమ్మ పెరట్లోకి చూసింది. అక్కడ వాళ్ళ నాన్న చిన్న తెరచాప పడవ బోర్లా పడి ఉంది. దాని కింద కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్నాయి. "లేవండే, మా నాన్న పడవ నాక్కావాలి" అని అదిలించింది.

ముందు తాతారావు పుచ్చిన చెక్కలు పీకి కొత్తవి కొట్టాడు. ఆ తర్వాత వరాలమ్మ సందుల్లో కొబ్బరి పీచు కూరి, గుగ్గిలం కాచి పూసింది. ఇల్లంతా పొగే పొగ, ఇరుగూ పొరుగూ ఒకటే దగ్గు. ఆ తర్వాత ఎలకలు కొట్టిన తెరచాప పారేసి, టార్పాలిన్ గుడ్డని దబ్బనంతో కుట్టి కొత్తది చేసింది. ఇక తెరచాప కర్ర. అది వాళ్ళ నాన్న టేకు కర్ర. ఆయన చేతులు రాసుకుని రాసుకుని నున్నగా అయిపోయింది. దాన్ని ఇనప పట్టీలేసి కదలకుండా బిగించేసింది.

తాతారావు మేకులు బయటికి తీసి మరీ అడిగాడు. "దారిలో మూడు వంతెనలున్నాయే, కర్ర తగలదూ?"

"నేను కొలవలేదనుకున్నావా? నా కొలత తప్పితే చెవి కోసుకుంటా!" అంది వరాలమ్మ.

ఆయన మళ్ళీ మేకులు పెట్టేసుకున్నాడు.

బుధవారం పొద్దున్నే చలిమిడి డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఇద్దరూ బయల్దేరారు. మొదటి వంతెన కింద పడవ దర్జాగా దూరింది. రెండో వంతెన కింద కర్ర చివర గీసుకుంటూ దూరింది. మూడో వంతెన దగ్గర ఠంగుమని కొట్టుకుని ఆగిపోయింది!

వరాలమ్మ కిందకి చూసింది, పైకి చూసింది. అప్పుడర్థమైంది. తను కొలిచింది మే నెలలో, కాలువ కట్టేసినప్పుడు. అడుగున ఏదో కాసిని నీళ్ళున్నాయి. ఇప్పుడు కాలువ వదిలారు, నీళ్ళు నడుం లోతు పెరిగాయి. నీళ్ళు పెరిగితే పడవా పైకి లేస్తుందిగా! కాలువ గట్టున పుట్టి పెరిగిన మనిషి ఆ సంగతే మర్చిపోయింది. సిగ్గుతో మొహం ఎర్రగా కందిపోయింది.

వంతెన మీద జనం పోగయ్యారు. "పడవ బరువైతే కిందకి దిగుతుంది" అన్నారెవరో. వెంటనే నలుగురు ఎక్కేశారు. జానెడు దిగింది. ఇంకా నాలుగు వేళ్ళు అడ్డం. "ఇంకో నలుగురం ఎక్కుదుమా?" అన్నారు.

"ఎక్కితే నా చలిమిడి చేపలు తింటాయి, దిగండయ్యా బాబూ!" అని అరిచింది వరాలమ్మ.

ఆ తర్వాత కర్ర ఊడదీయబోయారు. తనే బిగించింది కదా, కదిల్తేనా!

"కొయ్యాల్సిందేనే" అన్నాడు తాతారావు మెల్లిగా. "కర్ర మొదలు దగ్గర కోసి, బందులేసి మళ్ళీ కలుపుతాను. తలుపులా వంగుతుంది, లేస్తుంది."

వరాలమ్మ కర్రని వాటేసుకుంది. నాన్న చెయ్యి పట్టుకున్నట్టే ఉంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ అవతల కుసుమ ఏమీ తినకుండా కూర్చుని ఉంటుంది.

"తప్పు నాదే. కోసెయ్యి" అంది.

మరి బందులో? వంతెన పక్కన టీకొట్టు కాంతమ్మ తన కొట్టు తలుపుకున్నవే ఊడబీకి ఇచ్చేసింది. "కడుపుతో ఉన్న పిల్ల కనిపెట్టుకు కూర్చుంటే, నాకు తలుపెందుకమ్మా? తీసుకో" అంది.

రంపం ఆడింది, మేకులు దిగాయి. కర్ర వెనక్కి వాలింది, పడవ వంతెన దాటింది, కర్ర మళ్ళీ లేచింది. తాళ్ళు బిగించి, కర్ర మళ్ళీ వాలకుండా అతుకు చుట్టూ చెక్కలు కట్టి గోదాట్లో పడ్డారు. గాలికి తెరచాప పొంగింది. అబ్బో, ఏం పరుగు! కానీ సూర్యుడు అప్పటికే నడినెత్తికొచ్చేశాడు.

లంకలో దిగి, డబ్బా గుండెకి హత్తుకుని వరాలమ్మ పరుగెత్తింది. అరుగు మీద అచ్చియ్యమ్మ నిలబడి ఉంది. "ఆలస్యమైపోయింది వదినగారూ! ఎంత తిట్టినా పడతాను, నా బిడ్డకి మాత్రం ముద్ద పెట్టనివ్వండి" అని భోరుమంది.

అచ్చియ్యమ్మ ముఖం గంటు పెట్టుకుని లోపలికి చెయ్యి చూపించింది. "ఆలస్యమేంటి వదినగారూ? గడియారం చూడండి. పదకొండుకి ఇంకా పావుగంటుంది. ఏడుపాపి కాళ్ళు కడుక్కోండి."

వరాలమ్మ తెల్లబోయింది. అప్పుడు కుసుమ వచ్చి చెవిలో ఊదింది. "ఇందాకట్నుంచీ అదే టైమమ్మా. అత్తయ్యే స్టూలెక్కి ఆపేసింది. నువ్వు వచ్చేదాకా ఎవరైనా ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానంది."

వరాలమ్మ కూతురి నోట్లో ముద్ద పెట్టింది. రెండో ముద్ద తీసి వదినగారి నోట్లో పెట్టింది.

పడవ గట్టుకి, చలిమిడి నోటికి,
కథ కంచికి, మనం ఇంటికి,
కునుకు నీ కంటికి!