ఎర్రగుడ్డ కట్టిన సొరకాయ

అనగనగా ఒక ఊళ్ళో అందామంటే, బంగారూ, ఈ కథలో ఆ ఊరే లేదు. ఆనకట్ట కట్టారు, ఊరు నీళ్ళలో మునిగిపోయింది. ఆ ఊరి దాలమ్మ బూడిదలో కలిపి దాచుకున్న నాలుగు సొర గింజలు కొంగున కట్టుకుని పట్నం చివరి కాలనీకి వచ్చింది.

అక్కడ మంచినీళ్ళ ట్యాంకు వెనక సర్కారు జాగా ఒకటుంది. అన్నీ తుప్పలు, పగిలిన సీసాలు, ముక్కు మూసుకునేంత చెత్త. దాలమ్మ రోజూ దాన్నే చూసేది. తన గింజలు మట్టిలో పడి మొలిస్తే ఊరు ఇంకా బతికున్నట్టేనని ఆమె ఆశ.

చివరికి ఒక్కతే పార పట్టుకుంది. మొదటిరోజు అందరూ నవ్వారు. రెండోరోజు పక్కింటి పైడితల్లి తట్ట తెచ్చింది. మూడోరోజు వీధి వీధంతా కదిలింది. మునిసిపాలిటీ ఆఫీసుకు వెళ్ళి అడిగితే, సరే సాగు చేసుకోండి అన్నారు.

ఆ తర్వాత వంగ, బెండ, తోటకూర వేశారు. దాలమ్మ నాటిన నాలుగు గింజల్లో ఒక్కటే మొలిచింది. ఆ తీగ మూడంటే మూడే కాయలు కాసింది. తొలికాయ ముక్కలు కోసి ఇంటింటికీ పంచింది, అది వాళ్ళ ఊరి ఆనవాయితీ. రెండోది కోతి ఎత్తుకుపోయింది, దాని దుంపతెగ. మూడోదానికి దాలమ్మ ఎర్రగుడ్డ పీలిక కట్టింది. అలా కడితే అది విత్తనం కాయ అని, ముదిరి ఎండేదాకా ముట్టకూడదని వాళ్ళ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

కాలనీలో ఎవరికి తెలుసు? తలా ఒక ఊరి నుంచి వచ్చినవాళ్ళాయె. గుడ్డ కట్టిందంటే పెద్దావిడ ఈ కాయ మీద మనసు పడిందనుకున్నారు. ఒకరోజు పొద్దున్నే, లేతగా ఉండగానే కోసి, పసుపు రాసి, అందరూ కలిసి ఆమె గుమ్మంలోకి తెచ్చారు.

"నీకోసమే కోసినాం పెద్దమ్మా. మాం ఎవులం ముట్నేదు," అంది పైడితల్లి.

దాలమ్మ కాయ మీద గోరు నొక్కి చూసింది. గింజ ఇంకా కట్టనే లేదు. జాగాలో తీగ కూడా అప్పటికే ఎండకు వడిలిపోయింది, ఇక కాయదు. ఆమె గుండె చెరువైపోయింది. కానీ అంత ప్రేమగా తెచ్చినవాళ్ళ మొహాలు చూసి కత్తిపీట ముందేసుకుంది. పాలు పోసి కూర వండి అందరికీ పెట్టింది. తను మాత్రం ఆ కూర వడ్డించుకోలేదు.

"మీ ఊరి సొర ఎంత తీపి పెద్దమ్మా. వచ్చే ఏడు పందిరి నిండా ఏద్దాం," అంది పైడితల్లి.

"మీ ఊరికి బస్సుంది కదమ్మా," అంది దాలమ్మ. "ఎల్లి ఆ ఊరి గింజ తే. నీళ్ళు నాను పోస్తాను."

కథేమో కంచికి, కాయేమో వంటకి,
దాలమ్మ మనసు నీటికి, మనమేమో ఇంటికి.