మూడు అలల కట్టుబాటు

భూమికి ఉత్తరపు కొసన మంచు ఆగిపోయి సముద్రం మొదలయ్యే అంచు ఒకటుంది. చలికాలం వెనక్కి తగ్గే రోజుల్లో సీల్ తల్లులు ఆ అంచు మీదే పిల్లల్ని కంటాయి. తల్లులకు చేపలు అందుబాటులో ఉంటాయని. పిల్లలకు ఒంటినిండా తెల్లబొచ్చే ఉంటుంది, ఈత రాదు. నీళ్లలో పడితే మునగడమే.

అంచుకంతటికీ పెద్ద, కోరల పెద్దయ్య అనే వాల్రస్. తాతలనాటి కట్టుబాటును ఆయన నడిపిస్తున్నాడు. దక్షిణం నుంచి మూడు పొడుగాటి అలలు వచ్చి అంచును ఊపితేనే తుఫాను వస్తున్నట్టు. అంతవరకూ ఎవరూ కదలకూడదు. అలల్ని కనిపెట్టే కాపలా తెల్లతోక అనే నక్కది. అందుకు వాడికి చేపల తలకాయలు పెడతారు.

ముసలి సీల్ బూడిదమ్మకు ఈ కట్టుబాటు మీద నమ్మకం పోయి ఏడాదయింది. పోయినేడు ఒక్క అల కూడా రాకుండానే తుఫాను లేచింది, అంచు విరిగింది, ఆమె పిల్ల పోయింది. అప్పటినుంచి కూడిన ప్రతిసారీ అదే మాట చెబుతోంది. చెప్పి చెప్పి అలిసిపోయింది. ఈసారి పిల్లకు పదకొండు రోజులు.

ఆ ఉదయం గాలి మంచు వైపు నుంచి సముద్రం మీదికి దిగడం మొదలుపెట్టింది. నీళ్ల మీద సన్నగా పొగలు లేచాయి.

"పెద్దయ్యా, పిల్లల్ని తీసుకుని లోపలికి పోదాం. గట్టిపడ్డ పాత మంచు మీదికి," అంది బూడిదమ్మ.

"మళ్లీ మొదలెట్టావా," అని పెద్దయ్య నక్క వైపు తిరిగాడు. "ఏరా, అల వచ్చిందా?"

"నూనె పోసినట్టుంది సముద్రం. అత్తకు పోయినేటి దిగులు ఇంకా తీరలేదు పెద్దయ్యా, పాపం."

"నా దిగులు నేను చూసుకుంటాను అల్లుడూ. నువ్వు ఆ పొగ సంగతి చెప్పు."

"ఏ పొగ?"

"నీ ముక్కు ముందరున్నది."

పక్కనే పిల్లకు పాలిస్తున్న చుక్కమ్మ అనే పడుచు సీల్ నవ్వింది. "చన్నీళ్లకు పొగేమిటి వదినా?"

"చన్నీళ్లు నీకూ నాకూ. మంచు మీంచి వచ్చే ఆ గాలి ముందు అవి పొయ్యి మీద ఎసరే. గాలి దిగేకొద్దీ నీళ్లలోని వేడి ఆవిరై పైకి పోతుంది. లేచినచోట వెలితి పడుతుంది. ఆ వెలితిలోకి చుట్టూరా గాలి తోసుకొచ్చి తిరగడం మొదలెడుతుంది. దక్షిణపు తుఫాన్లు దూరపు చుట్టాలు, ముందు అలతో కబురంపి వస్తాయి. ఇది ఇక్కడే పుడుతుంది, ఇప్పటికిప్పుడు పుడుతుంది. కబురు మోసుకొచ్చేంత దారే ఉండదు దానికి."

తల్లులు తలలు ఊపారు. నమ్మి కాదు. మళ్లీ వినాల్సివచ్చిందే అని.

తెల్లతోకకు మాత్రం పొగంటే ఏమిటో బాగా తెలుసు. పోయినేడు ఇదే పొగ లేచి అంచు విరిగాక మంచు మీదికి కొట్టుకొచ్చిన పిల్లల్ని వాడు వారం రోజులు తిన్నాడు. కానీ ఆ తుఫాను లేస్తున్నప్పుడు వాడు కాపలా కాసే మంచుదిబ్బ వెనక నిద్రపోతున్నాడు. అదెంత త్వరగా లేస్తుందో చూడలేదు. ఎంత లేదన్నా ఒక పూట పడుతుందనుకున్నాడు.

"సరే," అంది బూడిదమ్మ. "ఇక్కడ అంత క్షేమమైతే అల్లుణ్ణి వచ్చి ఆ అంచు చివర కూర్చోమను పెద్దయ్యా. పొద్దు వాలేదాకా. నేనిక నోరెత్తను."

అందరూ నక్క వైపు చూశారు. వాడు పాదం నాక్కున్నాడు. "కూర్చునేవాణ్ణే అత్తా, దిబ్బెక్కి చూడాలిగా."

"సముద్రం అంచు మీంచి కూడా కనిపిస్తుంది అల్లుడూ."

చుక్కమ్మ నవ్వు ఆగిపోయింది. కాదంటే దొరికిపోతానని నక్కకు అర్థమైంది. తీరిగ్గా నడిచివెళ్లి అంచు చివర కూర్చుని, తోక కాళ్ల మీద కప్పుకున్నాడు. "ఇదిగో. చాలా?"

"చాలు. కాపలా అంటే అదీ," అని బూడిదమ్మ తల్లుల వైపు తిరిగింది. "వాడక్కడ ఉంటాడు, మనం లోపలికి పోదాం. నా మాట తప్పయితే ఒళ్లు నొప్పులు, వెనక్కి వచ్చేస్తాం. వాడి మాట తప్పయితే పిల్లలు దక్కరు. ఏది తప్పయితే ఓర్చుకోగలరో మీరే చూసుకోండి."

ఇంకెవరి జవాబూ వినలేదు. పిల్లను ముక్కుతో నెట్టుకుంటూ కదిలింది. చుక్కమ్మ కాసేపు సముద్రాన్ని, కాసేపు తన పిల్లను చూసింది. ఆమె కదిలాక మిగతావాళ్లూ కదిలారు. చివర్న పెద్దయ్య, "కట్టుబాటు, కట్టుబాటు," అని గొణుగుతూనే వెనకాల ఈడ్చుకుంటూ వచ్చాడు.

నక్క లేవలేదు. తాను కదలకపోతే వీళ్లే సిగ్గుపడి తిరిగొస్తారని చూశాడు.

దూరాన దువ్వినట్టు వరసలు కట్టిన మబ్బుల్లో ఒకటి కొక్కెంలా వంగింది. వంగిన చోటే తిరగడం మొదలెట్టింది. తల్లులు పాత మంచు చేరుకునేసరికి వెనక ఏమీ కనిపించడం లేదు, అంతా తెల్లటి హోరు. నక్క లేచేసరికి వాడికీ మంచుకూ మధ్య నీళ్లున్నాయి. విరిగిన పలక మీద నిలబడి వాడు వేసిన కేక హోరులో సన్నగా పాత మంచుదాకా వినిపించింది.

"అత్తా, ఎవర్నైనా పంపు."

బూడిదమ్మ పిల్లకు అడ్డంగా పడుకుని ఉంది. తల కూడా ఎత్తలేదు. "అల వచ్చిందా అల్లుడూ?" అంది. అది వాడికి వినపడిందో లేదో.

మర్నాటికి తుఫాను మంచు మీదికెక్కి, కింద వెచ్చటి నీళ్లు లేక చచ్చిపోయింది. ఆకాశం కడిగినట్టయింది. నిన్నటి అంచు లేదు, నక్కా లేడు. పిల్లలందరూ ఉన్నారు, ఆకలితో అరుస్తున్నారు.

"ఇంతలోనే పోయేదానికి అంత దూరం ఈడ్చావు వదినా, నా పొట్ట దోక్కుపోయింది," అంది చుక్కమ్మ.

పెద్దయ్య గొంతు సవరించుకున్నాడు. "బూడిదమ్మ చెప్పిందాంట్లోనూ కొంత ఉంది. ఇకమీదట పొగను కూడా చేరుద్దాం. అలలు మూడు, పొగ ఒకటి. నాలుగూ వచ్చాకే కదులుదాం."

బూడిదమ్మ నీళ్ల మీద పొగ ఉందేమోనని ఒకసారి చూసుకుంది. పిల్ల పాలకోసం వెతుక్కుంటుంటే పక్కకు ఒత్తిగిలింది.

నీతి: దూరం నుంచి వచ్చే ఆపద కబురంపుతుంది, కాళ్ల దగ్గర పుట్టే ఆపదకు మన కళ్లే కబురు.