దడి అవతలకి తిరిగిన పూలు

అనగనగనగా దడికి ఇవతల ఒక ఇల్లు, అవతల ఒక ఇల్లు. పడమటింట్లో అక్క పేరిందేవమ్మ, తూర్పింట్లో చెల్లెలు సుందరాంబ. ఊఁ కొట్టు బంగారం, లేకపోతే ఆపేస్తాను.

ఒకసారి సుందరాంబ పేరంటం పెట్టుకుంది. పేరంటానికి పిలవాలంటే కుంకుమ భరిణె పట్టుకుని గడపలోకి వచ్చి బొట్టు పెట్టాలి కదా! ఊరందరికీ పెట్టింది. అక్కని మాత్రం, మన అక్కే కదా అని, దడి మీంచి కేకేసింది. 'అంత తేలికైపోయానా?' అనుకుంది పేరిందేవమ్మ. వెళ్ళలేదు. అప్పట్నుంచి మాటల్లేవు.

మాటల్లేవు గానీ చెవి మాత్రం దడి మీదే ఉండేది. అటువైపు గిన్నె చప్పుడైతే చాలు, 'అక్కా' అంటుందేమోనని చేతిలో పని ఆపేది. అనేది కాదు.

అప్పుడు ఒకరోజు వీధిలోకి మొక్కల బండి వచ్చింది. బండి నిండా పొద్దుతిరుగుడు మొక్కలు. చూడగానే పేరిందేవమ్మకి నాన్న చేను గుర్తొచ్చింది. ఆ చేలో చెల్లెలు తన ముఖమంత పువ్వుని అడ్డం పెట్టుకుని, "అక్కా, నేనెక్కడున్నానో చెప్పుకో!" అనేది.

పైకి మాత్రం, "దడి పక్కన వేస్తాను. పక్కింటిదాని ముఖం కనపడకుండా ఉంటుంది" అంది.

బండివాడు నిండుగా పూసిన మొక్క తీశాడు. "పూసేసింది ఇంకేం పూస్తుంది? వద్దు." ఆ తర్వాత పొడుగ్గా సాగినది తీశాడు. "గాలొస్తే ఒరిగిపోతుంది. వద్దు." ఆ తర్వాత పొట్టిగా, కాడ లావుగా, మొగ్గ బిగుతుగా ఉన్నది తీశాడు. పేరిందేవమ్మ ఒక్కో ఆకూ తిరగేసి పురుగుందేమో చూసింది.

"ఏమ్మా, మొక్క కొంటున్నావా, సంబంధం చూస్తున్నావా?"

"సంబంధమైతే ఇంత చూడను. ఇలాంటివే ఇంకో రెండు తియ్యి."

మూడూ తెచ్చి దడి పక్కన నాటింది. మొగ్గలుగా ఉన్నన్నాళ్ళు అవి పొద్దుతో పాటే తిరిగాయి. పొద్దున చెల్లెలింటి వైపు, సాయంత్రం తన వైపు. పూశాక కూడా ఇంతే కదా అనుకుంది పేరిందేవమ్మ.

ఆ తర్వాత దడి దాటి ఎదిగాయి, విచ్చుకున్నాయి. విచ్చుకున్నాక తిరగడం మానేశాయి! మూడూ తూర్పుకే ముఖం పెట్టి నిలబడిపోయాయి. చెల్లెలికి పసుపు ముఖాలు, ఈవిడకి ఆకుపచ్చ వీపులు.

ఒక పువ్వుని పట్టుకుని ఇటు తిప్పింది. వదలగానే అటే పోయింది. మర్నాడు తాడేసి కట్టబోయింది. కాడ చిటుక్కుమంది, మనసొప్పక విప్పేసింది. "ఎంచి ఎంచి తెచ్చింది నేను, మీరు నవ్వేది దాన్ని చూసా?" అని పూల మీద కూడా అలిగింది. అలిగినా ఉండలేకపోయింది. ఆ తర్వాత పీట వేసుకుని ఎక్కి, దడి మీంచి తొంగి చూసింది.

అటువైపు సుందరాంబ, తల నెరిసిపోయిన సుందరాంబ, ఒక పువ్వుని వంచి ముఖానికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

'అదిగో, అక్కడే ఉన్నావే' అనబోయింది పేరిందేవమ్మ. అలక గుర్తొచ్చి ఆగిపోయింది. కంగారులో దిగబోతే పీట దభీమని తిరగబడింది. అటువైపు పువ్వు కదిలింది.

మర్నాడు పొద్దున్నే వీధి తలుపు చప్పుడైంది. గడపలో సుందరాంబ. చేతిలో కుంకుమ భరిణె.

"అక్కా, మా పెరట్లో నీ పూలు పూశాయి. చూడ్డానికి రా."

"దడి మీంచి కేకెయ్యలేకపోయావా?"

"వేస్తే వస్తావా?"

"రాను."

సుందరాంబ నవ్వబోయి, కళ్ళు తుడుచుకుంటూనే బొట్టు పెట్టింది.

"వంకరగా పెట్టావే" అంది అక్క. అంది గానీ దిద్దుకోలేదు. ఆ వంకర బొట్టుతోనే దడి చుట్టూ తిరిగి, తన పూల ముఖం చూడ్డానికి వెళ్ళింది.

కథేమో కంచి దారి,
పువ్వేమో పొద్దు దారి,
బంగారమేమో నిద్ర దారి.
అటు కాదు, ఇటు తిరిగి పడుకో.