గుర్రపుడెక్క ఆకుకు గుంటలెందుకు పడ్డాయి

మన నీళ్ళలోకి వచ్చిన కొత్తలో గుర్రపుడెక్క ఆకు మీద ఒక్క మచ్చ కూడా ఉండేది కాదు. నూనె రాసినట్టు నిగనిగలాడేది. నీళ్ళలో తన నీడ చూసుకుని చూసుకుని దానికి మహా గర్వం.

ఆ రోజుల్లో ఏటి లంకల నడుమ ఒక పెద్ద కొలను ఉండేది. ఆ కొలనులో తాటిదోనె వేసుకుని చేపలు పట్టే మనిషి నాంచారమ్మ. తాటిమాను తొలిచి దోనె చేయడం, ఏ నీటి కింద ఏ చేప తిరుగుతోందో చెప్పడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. తొందర ఒక్కటే ఆమె లోపం. మెతుకు పట్టి చూడకుండానే అన్నం వార్చేసే రకం.

ఒక ఏడు వరద వచ్చింది. వరద నీటి మీద ఊదారంగు పూల మొక్క ఒకటి తేలుతూ వచ్చింది. పువ్వు పైరేకు మీద నెమలికన్ను లాంటి మచ్చ. అలాంటి పువ్వును లంకలో ఎవరూ ఎరగరు. ఆకు గుర్రపు డెక్కలా ఉందని ఆ పేరే పెట్టారు.

"ఎక్కడిదానివే నువ్వు?" అని అడిగింది నాంచారమ్మ.

"ఏడు సముద్రాల అవతల ఒక పెద్ద నది మా పుట్టిల్లు. కాస్త చోటిస్తే ఒక మూల పడి ఉంటాను" అంది మొక్క.

"తల్లీ, దాని సంగతేమిటో కనుక్కుని అప్పుడు దింపు" అంది కొలను మెల్లగా.

నాంచారమ్మ ఆగితేనా? రోజూ సిగలో పువ్వు పెట్టుకోవచ్చని, మొక్కను తెచ్చి దోనె కట్టే రేవులో వదిలేసింది.

నెల తిరిగేసరికి ఏకు మేకై కూర్చుంది. ఒకటి రెండైంది, రెండు నాలుగైంది, రేవు నిండింది. మరికొన్ని నెలలకు కొలను మీద పచ్చటి చాప పరిచినట్టయింది. నీళ్ళలోకి ఎండ దిగదు. దోనె అంగుళం కదలదు. ఒక ముసలి బొచ్చెచేప ఆకుల సందులోంచి నోరు తెరుచుకుని పైకొచ్చింది.

"నాంచారమ్మా, నీ వలలో పడి చస్తే అది మన ఇద్దరికీ అలవాటైన సంగతి. ఇలా ఊపిరాడక చావడం ఎక్కడి న్యాయం?" అంది.

నాంచారమ్మ కొడవలి అందుకుంది. తెచ్చింది తనే కదా.

లంకవాళ్ళంతా కొడవళ్ళు పట్టుకుని నరికారు. నరికిన ముక్కలను నీళ్ళలోనే వదిలారు. ప్రతి ముక్కా మళ్ళీ ఒక మొక్కైంది. గుర్రపుడెక్క పకపకా నవ్వింది.

"మరి మీ నదినంతా ఇలాగే కప్పేశావా?" అని అడిగింది నాంచారమ్మ.

నవ్వు టక్కున ఆగిపోయింది. "ఆ ఊసెత్తకు" అంది మొక్క.

నాంచారమ్మకు అక్కడే పట్టు దొరికింది. దాన్ని అదుపులో పెట్టేవాళ్ళు ఆ నదిలో ఎవరో ఉన్నారు. ఆమె పడమటి గాలి కాళ్ళావేళ్ళా పడింది. గాలి ఏడు సముద్రాలూ దాటి వెళ్ళి, తిరిగొచ్చి, ఆమె అరచేతిలో ఒక ఆకు పెట్టింది. ఆకు మడతలో రెండు పురుగులు. ఒక్కొక్కటి బియ్యపు గింజంత ఉంది. మట్టిరంగు ఒళ్ళు, ముందుకు సాగిన పొడుగాటి ముక్కు.

లంకకు పెద్ద అయిన సైదులు తాత వాటిని చూసి అదిరిపడ్డాడు.

"ఇది ముక్కుపురుగే పిల్లా. మన బియ్యపు కుండలు గుల్ల చేసేది దీని చుట్టమే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, రేపిది చేల మీద పడితే మన గతేంటి?"

గట్టు మీద వరినారు గజగజ వణికింది. నీళ్ళలో చేపలేమో "వదిలెయ్, వదిలెయ్" అని గోల పెట్టాయి. నాంచారమ్మ చెయ్యి లేచింది. లేచిన చెయ్యి ఆగింది. ఆమె బతుకులో అలా ఆగడం అదే మొదలు.

"ఒకసారి తెలుసుకోకుండా దింపాను. మళ్ళీ ఆ తప్పు చెయ్యను. కొలనుతల్లీ, పది రోజులు ఓర్చుకోగలవా?"

"పది రోజులు ఓర్చుకుంటాను. ఆ పైన మాటివ్వలేను" అంది కొలను.

నాంచారమ్మ పురుగులను కుండలో వేసి, వరినారు పెట్టి, పల్చటి బట్టతో మూతి కట్టింది. పురుగులు నారు మీద నడిచాయి, వాసన చూశాయి, పక్కకు తప్పుకున్నాయి. తామరాకు పెట్టింది. తినలేదు. చేమాకు, తోటకూర, అరటాకు పెట్టింది. ఒక్క గాటు పడలేదు. తొమ్మిదో రోజుకు ఒక పురుగు కాళ్ళు ముడుచుకుని పక్కకు ఒరిగింది.

తింటాయేమోనని కాపలా కూర్చున్న మనిషే ఇప్పుడు బతిమాలడం మొదలుపెట్టింది.

"చచ్చిపోతావే. చుట్టూ ఇంత తిండి ఉంది. కాస్త కొరుకు."

"అది నాది కాదమ్మా" అంది పురుగు, వినీ వినపడని గొంతుతో. "మా తల్లి, మా తల్లి తల్లి, అందరం ఆ ఒక్క ఆకు మీదే పుట్టాం. నాకు తెలిసిన అన్నం అదొక్కటే."

పులి పస్తున్నా గడ్డి మేయదంటారు. పులి సంగతేమో గాని, గింజంత పురుగులో ఇంత కట్టుబాటు ఉంటుందని నాంచారమ్మ కలలో కూడా అనుకోలేదు. సైదులు తాత తలపాగా తీసి చేతులు జోడించాడు. వరినారు వణుకు మానింది.

పదో రోజు పొద్దున నాంచారమ్మ రెండు పురుగులనూ గుర్రపుడెక్క మీద దింపింది. అవి ఆబగా కొరికాయి. కొరికిన చోటల్లా గుంట పడింది. ఒక ఆకు వాడింది, వేలెడు సందు దొరికింది. ఆ సందులోంచి కొలను గుండెలనిండా ఊపిరి పీల్చుకుంది.

పురుగులు గుడ్లు పెట్టాయి. పిల్లలు కాడల్లోకి తొలుచుకుపోయాయి. ఒక ఏడు గడిచింది, రెండో ఏడూ గడిచింది. ఒకనాటి ఉదయం కొలనులోకి ఆకాశం తిరిగొచ్చింది, మబ్బులతో సహా. లంకవాళ్ళంతా గట్టు మీద నిలబడి దాన్నే చూశారు.

ఓ మూలకు ఒదిగిన గుర్రపుడెక్క బెదురుగా అడిగింది. "నన్ను పూర్తిగా తినేస్తావా?"

"నువ్వు లేకపోతే నేనేం తిని బతకను? ఒక మూల పడి ఉంటానన్నావుగా, ఉండు" అంది ముక్కుపురుగు.

అప్పటినుంచే ఇక్కడి గుర్రపుడెక్క ఆకు మీద గోటితో గిల్లినట్టు చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. ఆనాటిలాగే ఈనాటికీ ఆ ముక్కుపురుగు, ఎదురుగా వరిచేను పచ్చగా ఊగుతున్నా, ఆకలితో ప్రాణమైనా విడుస్తుంది గాని అటు ముక్కు తిప్పదు.