నిన్నటి మాట మీద రాయి

ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి. నిద్రొచ్చేవాళ్ళు పక్కకి జరగండి. ఇది జోకొట్టే కథ కాదు, ఒళ్ళు మండే కథ.

అనగనగా ఏటి ఒడ్డున ఒక పేట. ఆ పేట వీధిలో దాలయ్య అనే అతను గోనెపట్టా పరిచి పుస్తకాలు అమ్మేవాడు. వేరేవాళ్ళు రాసినవి కొన్ని, తను రాసుకున్నవి కొన్ని. ఏటిగాలికి ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో గుండ్రాయి పెట్టేవాడు. పూటకి గంజి దొరికితే అదే పండగ.

ఆ రోజుల్లో కబురంటే దివాణం టముకే. టముకు వేసిందే కబురు, వెయ్యనిది జరగనట్టే.

ఒకనాడు సంత నుంచి వస్తున్న పడవ నడి ఏట్లో మునిగిపోయింది. పుచ్చిపోయిన పడవ అది. కొత్తది కట్టడానికని టేకు దూలాలు దివాణానికి ఎప్పుడో చేరాయి. జనమే అడవి నుంచి భుజాల మీద మోసుకొచ్చారు. పడవ మాత్రం రాలేదు.

టముకు మోగింది. "పడవ మునిగిందహో! దివాను గారు విచారిస్తారహో!" జనం గుండెలు బాదుకున్నారు.

మర్నాడు టముకు మోగింది. "దివాణం ఏనుగుకి పిల్ల పుట్టిందహో!" జనం పరిగెత్తారు.

ఆ మర్నాడు టముకు మోగింది. "తోటలో రెండు తలల పాము కనబడిందహో!" జనం అటు పరిగెత్తారు. పడవ మాట ఎత్తినవాడు లేడు. పోయినవాళ్ళ దినాలైనా కాలేదే! సిగ్గుండొద్దూ మనుషులకి?

ఎండుచేపలమ్ముకునే పైడమ్మకి ఒక్కతే కూతురు. ఆ పిల్ల ఆ పడవలోనే పోయింది. పైడమ్మ వచ్చి దాలయ్య పట్టా ముందు కూలబడింది.

"అన్నా, అందరూ పాముని సూడ్డానికి ఎలిపోనారు. నా పిల్లని నానొక్కదాన్నే గుర్తెట్టుకోవాలేటి?"

దాలయ్య కాగితం తీసి పెద్ద అక్షరాలతో 'పడవ మునిగింది' అని రాశాడు. పట్టా నడుమ పరిచి, ఉన్నవాటిలో పెద్ద రాయి దాని మీద పెట్టాడు. "జవాబొచ్చేదాకా ఈ రాయి తియ్యను సెల్లీ" అన్నాడు.

ఇక అతని దగ్గరికి ఎవరొచ్చినా అదే మాట.

"దాలయ్యా, ఏనుగు పిల్లని సూసినావా?"

"సూసినాను. ముద్దుగుంది. మరి నిన్నటిదేటయింది?"

"రెండు తలల పాముని సూసినావా?"

"నేదు. నిన్నటిదేటయింది?"

మాట దివాను చెవిన పడింది. భటుడొచ్చాడు. "ఏనుగు పిల్ల మీద పద్యాలు రాయి. శాలువా కప్పుతారు."

"నిన్నటిదేటయింది?"

మళ్ళీ వచ్చాడు. "నాలుక కోయిస్తారు."

"కొయ్యండి. నిన్నటిదేటయింది?"

మూడోసారి మాటల్లేవు. భటులు గుంపుగా వచ్చి పుస్తకాలన్నీ గోనెపట్టాతో సహా ఏట్లో పోశారు. దాలయ్య రాసుకున్నవి కూడా పోయాయి, వాటికి రెండో ప్రతి లేదు. ఆ ఒక్క కాగితం మీద మాత్రం అతను బోర్లా పడుకున్నాడు. కొరడా దెబ్బలకి వీపు చిట్లినా లేవలేదు. అలాగే వానకి తడిసి, జ్వరమొచ్చి పోయాడు.

భటులు కాగితం చింపేశారు. టముకు మోగింది. "పేటకంతా బెల్లం పంచుతారహో! దివాణానికి రండహో!"

జనం బుట్టలు పట్టుకుని పరిగెత్తారు. దారిలో దాలయ్య చోట పైడమ్మ కూర్చుంది. ఆమెకి రాత రాదు. ఒళ్ళో ఆ రాయి ఉంది, అంతే.

"నిన్నటిదేటయింది?" అంది.

ముందు పరిగెత్తేవాడు ఆగిపోయాడు. అతని తమ్ముడు కూడా ఆ పడవలోనే పోయాడు మరి! బెల్లం అనగానే మర్చిపోయాడు. బుట్ట అక్కడే పడేసి, ఏట్లోకి దిగి, ఒక రాయి తెచ్చి దివాను గుమ్మంలో పెట్టాడు. "నిన్నటిదేటయింది?" అన్నాడు. వెనకవాడూ తెచ్చాడు. వాడి వెనకవాడూ తెచ్చాడు. పొద్దుగూకేసరికి రాళ్ళు గుట్టపడి దివాణం తలుపు తెరుచుకోలేదు. టముకువాడు కొత్త కబుర్లు ఎన్ని వేసినా ఒక్క తల అటు తిరగలేదు.

చివరికి దివాను నిచ్చెనేసుకుని గోడెక్కాడు. చేతులు జోడించాడు. "దూలాలు నా ఇంట్లోనే ఉన్నాయి. ఉయ్యాల బల్ల చేయించుకున్నాను."

ఉయ్యాల! జనం పిల్లలు ఏట్లో మునుగుతుంటే ఆ మహానుభావుడు తాంబూలం నములుతూ ఊగుతున్నాడు!

ఆ ఉయ్యాల విప్పి, మిగిలిన దూలాలు లాక్కొచ్చి జనమే పడవ కట్టుకున్నారు. దివానుని పేట దాటించారు. "జవాబొచ్చింది కదా పైడమ్మా, ఇంక ఆ రాయి ఏట్లో వేసెయ్యి" అన్నారెవరో.

"జవాబొచ్చింది. నా పిల్ల రానేదు" అంది పైడమ్మ. రాయిని తీసుకెళ్ళి దాలయ్య కూర్చున్న చోటే పెట్టింది.

ఇప్పటికీ ఆ వీధిలో పుస్తకాలమ్మేవాళ్ళు పొద్దున్నే పట్టా పరిచి, ముందు ఒక రాయి పెడతారు. దాని కింద ఏమీ ఉండదు. తర్వాతే పుస్తకాలు. ఎవరైనా వేడి వేడి కబురు మోసుకొస్తే, ముసలమ్మలు "ముందటిదాని మీద రాయెట్టేవా?" అని అడుగుతారు.

ఈ కథ కంచికి వెళ్ళదు, ఆ రాయి దగ్గరే ఉంటుంది. మీరు ఇళ్ళకి పొండి. పొద్దున్న మళ్ళీ టముకు మోగుతుంది, మీరూ పరిగెత్తుతారు, నాకు తెలుసు. పరిగెత్తే ముందు ఒక్క మాట చెప్పి పొండి.

నిన్నటిదేటయింది?