నిమ్మకాయ తొడిగిన వేలు

అక్షతలు చేతిలో ఉంచుకొని, దీపము వైపు చూచుచు, నడుమ లేవక వినుడు.

పూర్వము గోదావరి పాయ సముద్రమున కలియు చోట ఒక తపోవనముండెను. అందు వేదార్ణవుడను ముని దృఢశ్రవ మహామునికి నమస్కరించి ఇట్లడిగెను. "స్వామీ, కలియుగమున స్త్రీలు దేహమున పుట్టిన బాధను సిగ్గుచేత దాచుకొందురని వింటిని. చెప్పినను ఇంటివారు చెవిని పెట్టరనియు వింటిని. వైద్యుడున్నను, చెప్పని నొప్పికి మందెట్లు కలుగును? దీనికి తగిన నోమేదైన కలదా?"

దృఢశ్రవుడు ఇట్లనెను. "కలదు. దాని పేరు ఆలకింపు గౌరీ నోము. ఈశ్వరుడు ధ్యానమున మునిగియున్నను, ఆ తల్లి ఒక చెవిని ఎప్పుడును భూమి వైపే ఉంచును. రాబోవు యుగమున ఈ నోము పట్టి, విడిచి, మరల పట్టిన మాణిక్యాంబ కథను జరిగినదానివలె చెప్పెదను వినుము."

లేసు అల్లికకు పేరుపడిన సీమలో పొన్నలంకయను గ్రామము కలదు. అచట గవర్రాజను కొబ్బరికాయల వర్తకుడుండెను. అతని భార్య మాణిక్యాంబ. కొక్కెపు సూదిని బొటనవేలికిని చూపుడువేలికిని నడుమ పట్టి ఆమె నెమలిని అల్లినచో, అది మెడ తిప్పునేమోయని చూచువారు కాచుకొని ఉండెడివారు.

గవర్రాజు చెడ్డవాడు కాడు. తాగడు, కొట్టడు. కాని ఆమెను ఎవరేమి అడిగినను జవాబు తానే చెప్పెడివాడు. పెండ్లి పంక్తిలో వడ్డించువాడు "అమ్మా, బూరె వెయ్యమంటారా?" అని అడుగగా, "ఆవిడకి తీపి పడదయ్యా, నాకెయ్యి" అనెడివాడు. ఆమెకు బూరెయన్న ప్రాణము. అయినను విస్తరి వైపు చూచుచు ఊరకుండెడిది. ఏండ్లు గడచినకొలది అదియే ఆ ఇంటి ఆచారమాయెను.

ఒక ఏట ఆమెకు విరేచనమున నెత్తురు కనబడెను. చెప్పరాని చోటు గదాయని ఆమె చాలకాలము దాచెను. దాచలేని దినమున భర్తతో చెప్పెను.

"మొలలేనే. మా అమ్మకీ ఉండేయి. కారం తగ్గించి మజ్జిగ తాగు" అని గవర్రాజు పంచె సర్దుకొని కొబ్బరి లోడు ఎక్కించుటకు పోయెను.

ఆమె మజ్జిగ తాగెను. నెత్తురు ఆగలేదు. ఒళ్ళు తరిగెను. ముఖము పాలిపోయెను. చివరకు అల్లుచున్న నెమలి మీదనే తల వాల్చి పడిపోయెను. అప్పుడామెను పట్టణములోని ఆసుపత్రికి తీసికొనిపోయిరి.

అచట ఆడవారి వార్డులో ప్రక్క మంచము మీద ఒక ముసలి ముత్తయిదువ కాళ్ళు చాపుకొని కూర్చుండి ఉండెను.

"ఏమ్మాయ్, ఎక్కడ నొప్పి?" అని ఆమె అడిగెను.

"మొలలండి దానికి" అని గవర్రాజు చెప్పెను.

"నిన్నడగలేదు బాబూ. నొప్పి నీదా? నీదైతే పక్క వార్డుకెళ్ళు. లేదంటే వెళ్ళి కాఫీ పట్రా."

అతడు కాఫీకి పోయెను. మాణిక్యాంబ ఎన్నడును లేనిది మొదటినుండి చివరివరకు తన బాధను చెప్పెను. ముసలమ్మ అంతయు విని, పమిట కొంచెము తొలగించి మలము చేరుటకు పొట్టకు అంటించిన సంచిని చూపెను.

"నాకూ అక్కడే వచ్చింది. ఆ దారి మూసేసి ఈ దారి తెరిచారు. శుభ్రంగా తింటన్నాను, తిరుగుతున్నాను. సిగ్గు దాచుకుని ఏం చేసుకుంటావే? కూరొండుకుంటావా?"

మాణిక్యాంబకు ఆ వార్డులో నవ్వు వచ్చెను. అప్పుడు ముసలమ్మ ఆమెకు నోమును ఉపదేశించెను. "వైద్యునికి చూపించుకొను దినమున ఉదయము గౌరి ముందు దీపము పెట్టవలెను. తల మొదలు కాలిగోరు వరకు ఏ చోట బాధ యున్నదో తలచుకొని పైకి చెప్పవలెను. దానినే వైద్యుని యెదుట చెప్పవలెను. బాధ ఎవరిదో వారి నోటనే రావలెను. మరొకరు బదులు చెప్పినచో నోము చెడును" అనెను. మరునాడు చూడగా ఆ మంచము ఖాళీగా ఉండెను. ఆ మంచము మీద ఈ నడుమ ఎవరినీ చేర్చలేదని నర్సు చెప్పెను.

మాణిక్యాంబ నోము పట్టెను. ఉదయశ్రీ అను డాక్టరు ఆమెను పరీక్షించి, ఇది మొలలు కాదనియు, పెద్దపేగు కొసను పుట్టిన క్యాన్సరనియు, ముందే వచ్చియుండిన పని తేలికయ్యెడిదనియు చెప్పెను. రేడియేషన్ పెట్టిరి. ఆపరేషన్ చేసిరి. ఆమె పొట్టకును సంచి అమర్చిరి. ఆమె దానిని మార్చుకొనుట నేర్చెను. ఇంటికి వచ్చి బలము కూడిన పిమ్మట, ఆ సంచికి తెల్లని దారముతో ఒక లేసు తొడుగు అల్లి, దానిమీద నెమలిని కూర్చుండబెట్టెను. డాక్టరు దానిని చూచి నర్సులనందరిని పిలిచి చూపించెను.

"మాకొచ్చే అమ్మలంతా దీన్ని దాచుకుని ఏడుస్తారమ్మా. మీరేంటి, పెళ్ళికూతుర్ని చేశారు!"

నోము పట్టినంతకాలము మాణిక్యాంబ సుఖముగా నుండెను. సుఖము వచ్చినప్పుడు నోము బరువగును. మనుష్యుల తీరు అట్టిది.

కొంతకాలమునకు ఆమె కుడి బొటనవేలి కొస వాచి ఎర్రబడెను. గవర్రాజు అక్క అచ్చియ్యమ్మ వచ్చి చూచి, "సూది గుచ్చుకుని ఉంటుందే మరదలా. గోరుచుట్టు" అని నిమ్మకాయను తొలిచి వేలికి తొడిగెను. లేసు అల్లు ఇండ్లలో ఇది మామూలే. వేలికి నిమ్మకాయ ఉన్న ఆడది కనబడినచో ఆ ఊర ఎవరును రెండవసారి చూడరు. కాయ ఎండెను. మరొకటి తొడిగిరి. వాపు తగ్గలేదు. ఊరి వైద్యుడు సూదితో పొడిచి చూచెను. చీము రాలేదు, నెత్తురే వచ్చెను. "ఇంకా పండలేదు" అని అతడు మరల నిమ్మకాయనే తొడుగుమనెను.

అంతలో పరీక్షకు పోవలసిన దినము వచ్చెను. మాణిక్యాంబ దీపపు కుంది తుడుచుచుండగా గవర్రాజు వాకిట నుండి కేక వేసెను.

"బస్సెళ్ళిపోద్దే! నోము వచ్చేసారి చేసుకో. గౌరమ్మ ఎక్కడికీ పోదు."

దీపము వెలగలేదు. బస్సులో ఆమె వేలు చూచుకొనుచు, దీనిని డాక్టరుతో చెప్పుదునాయని అడిగెను.

"కింద చూసే డాక్టరమ్మకి చేతివేలు చూపిస్తావా? నవ్విపోతారు. పల్లెటూరోళ్ళం అనుకుంటారు."

ఆసుపత్రిలో డాక్టరు పొట్ట చూచి, స్కానింగు చూచి, బాగున్నదని చెప్పి, ఎప్పటివలె అడిగెను. "ఇంకెక్కడైనా నొప్పుందా అమ్మా?"

"ఏం లేదండీ. బ్రహ్మాండంగా ఉంది" అని గవర్రాజు చెప్పెను.

మాణిక్యాంబ చేయి పమిట క్రింద నుండెను. నిమ్మకాయ వాసన ఆమెకు ఒక్కతెకే తెలియుచుండెను. వార్డులో ముసలమ్మ చెప్పిన మాట గొంతు వరకు వచ్చెను. అచటనే ఆగిపోయెను.

ఓ వేదార్ణవా, నోము తప్పిన ఇండ్లలో ఓడలు మునుగునని, పంటలు పోవునని కథలలో విందువు. ఈ ఇంట అట్టిదేమియు జరుగలేదు. కొబ్బరి విరగకాసెను. కీడంతయు ఆ ఒక్క వేలిలోనే కూర్చుండి పెరిగెను. గోరు లేచిపోయెను. సూది పట్టగా జారి పడెను. సగము అల్లిన నెమలికి తల రాలేదు.

ఒక శుక్రవారము ఉదయము మాణిక్యాంబ స్నానము చేసి గౌరి ముందు దీపము పెట్టెను. నిమ్మకాయను లాగివేసెను. "ఎక్కడ నొప్పి?" అని తన్ను తానే అడుగుకొనెను. "ఇక్కడ" అని వేలు చూపెను. చెప్పులు వేసికొని బస్సు దగ్గరకు నడచెను. గవర్రాజు చొక్కా తొడుగుకొనుచు వెంట పరుగెత్తెను.

డాక్టరు గదిలో అతడు అలవాటు చొప్పున నోరు తెరచెను. ఆమె ఆ వాచిన వేలిని అతని ముఖము యెదుట నిలిపెను.

"మీరాగండి. వేలు నాది."

తరువాత ఆమె అంతయు చెప్పెను. చీము రాలేదన్న మాట విని డాక్టరు కుర్చీ ముందుకు లాగుకొనెను. ఎక్స్‌రేలో వేలి కొస ఎముక చెదపట్టినట్లు తినివేయబడి ఉండెను. ముక్క తీసి పరీక్షింపగా, పేగులో పుట్టినదే అచటికి చేరినదని తేలెను.

"ఈ జబ్బు పాకితే కాలేయానికో ఊపిరితిత్తులకో పోతుందమ్మా. బొటనవేలికి పోవడం నేను చదివానే గాని చూడలేదు. నాకన్నా పెద్దవాళ్ళని అడిగి మొదలుపెడదాం" అని డాక్టరు దాపరికము లేక చెప్పెను. తెలియనిది తెలియదని చెప్పిన ఆ వైద్యురాలు గౌరవింపదగినది.

గవర్రాజు అడిగెను. "అప్పుడే చూపిస్తే వేలు దక్కేదా అండి?"

"కొస ఎలాగూ పోయేది. ఇప్పుడు మొదలు దాకా తీయాలి."

అతడు ఏడ్చెను. ఆ ఏడుపువలన వేలు ఒక గోరంతయు తిరిగి రాలేదు.

ఒళ్ళంతయు స్కానింగు చేసిరి. మరెక్కడను కనబడలేదు. బొటనవేలు తీసివేసి, కీమో ఎక్కించిరి. అన్నము సహింపలేదు. చన్నీరు తాకిన చేతులకు సూదులు గుచ్చినట్లుండెను. ఆమె ప్రతిసారి దీపము పెట్టి, ప్రతి బాధను తన నోటనే చెప్పెను. డాక్టరు విని మందు మార్చెను, మోతాదు తగ్గించెను. చివరి దినమున డాక్టరు ఇట్లనెను. "మళ్ళీ రాదని మాటివ్వలేనమ్మా. వస్తే మాత్రం మీరు చెప్తారు, నేను వింటాను."

అంతియే చాలునని మాణిక్యాంబ అనెను. సూదిని చూపుడువేలికిని నడిమివేలికిని మధ్య ఇరికించి ఆమె అల్లిక మరల నేర్చెను. మొదట దారము ముడిపడెను. విప్పెను. మరల ముడిపడెను, మరల విప్పెను. తల లేని నెమలికి తల వచ్చెను.

ఉద్యాపన నాడు ఆమె నిమ్మకాయలను రెండేసి చెక్కలుగా కోసి, రసము పిండి, పులిహోర కలిపి గౌరికి నివేదించెను. అచ్చియ్యమ్మ ఆకు ముందు కూర్చుండి, "ఒంట్లో ఎలా ఉందే మరదలా?" అని అడిగెను. గవర్రాజు పెదవులు కదిలెను. అతడు వాటిని బిగబట్టెను.

"నడుం లాగుతోంది వదినా. మిగతాది బాగుంది" అని మాణిక్యాంబ చెప్పెను. పిమ్మట భర్త వైపు తిరిగి, "మీకెక్కడండీ నొప్పి?" అని అడిగెను.

"నాకేం? నాకేం లేదు."

"గౌరమ్మ ముందు అబద్ధమా?"

"…పన్ను పీకేస్తోందే. నెల్లాళ్ళై."

"రేపే వెళ్దాం. అక్కడ మీరే చెప్పాలి. నేను పలకను" అని ఆమె అతనికి పులిహోర మెత్తగా మెదిపి వడ్డించెను. అతడు తల వంచుకొని తినెను.

దృఢశ్రవుడు ఇట్లు చెప్పి ముగించగా వేదార్ణవుడు ఆనందించెను.

ఈ నోమును నెత్తురు చూచి దాచుకొన్నవారు పట్టవలెను. ఒక రోగము తగ్గినదని రెండవ బాధను చిన్నచూపు చూచువారు పట్టవలెను. ఆడవారైనను మగవారైనను పట్టవచ్చును. కులముతో పనిలేదు, పురోహితుడు అక్కరలేదు. పట్టినవారికి బాధ పెరుగకముందే వైద్యుని చూపు దొరకును, చేయి పని మరువకుండును, తన మాట తన నోటనే వచ్చును. భార్యకు బదులు తాను జవాబు చెప్పు భర్త దీనిని తప్పక వినవలెను. ఆమె ఉండగా విన్నచో ఫలము కలదు. ఆమె పోయిన పిమ్మట విన్నవానికి ఫలము లేదు. అట్టివాడు దీనిని బిగ్గరగా చదివి, ఇతరులకు వినిపించుటకు మాత్రము పనికివచ్చును.

ఇప్పుడు అక్షతలు తలపై వేసికొనుడు. ఇంటి యజమాని లేచి, ఇంటిలోని ప్రతి ఒక్కరి యెదుట నిలిచి, ఎక్కడ నొప్పియని అడుగవలెను. వారి నోటి నుండి జవాబు వచ్చువరకు పులిహోర వడ్డింపరాదు.