సన్న కన్నాల బిళ్ళ

అనగనగనగా ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక కోట, ఆ కోటలో ఒక రాజుగారు. ఆయనకి ఒక్కతే కూతురు, పేరు వకుళ. అమ్మడూ, నీ ఈడుదే. మోకాలి మీద పెచ్చు గిల్లకు, చెయ్యి తియ్. ఊ కొడుతూ విను.

ఒకనాడు కోట వంటశాలలో అరిసెలకి పాకం కాగుతోంది. పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది, గుండిగ ఒరిగింది, పాకం వీపు మీద పడింది. పాకం అంటే నీళ్ళనుకున్నారా? నీళ్ళు జారిపోతాయి. పాకం అంటుకుని కూర్చుంటుంది. వీపు మీద తోలన్నది మిగల్లేదు. తోలు లేని ఒళ్ళంటే తలుపు లేని ఇల్లే కదర్రా. ఈగ వస్తుంది, దుమ్ము వస్తుంది, వాటి వెనకాలే చావు కూడా అడక్కుండా వచ్చేస్తుంది.

ఆ కోటలో ఒక ముసలి రాజవైద్యుడున్నాడు. ఆయనకో విద్య తెలుసు. మన ఒళ్ళంతా కంటికి ఆనని నలుసులతో కట్టిందట. గోడకి ఇటుకల్లాగా అని మంత్రి అన్నాడు కానీ, ఇటుక అన్నం తింటుందా? నలుసు తింటుంది. ఊపిరి పీలుస్తుంది. పక్క నలుసు చెయ్యి పట్టుకుని పని చేస్తుంది. వైద్యుడు పిల్ల తొడ మీంచి గోరంత తోలు తీసి, అందులో నలుసుల్ని విడదీసి, కుండలో పోసి, మేపి, పెంచి, చిక్కటి గంజిలో కలిపి, జంతికల గొట్టంలో పెట్టి వత్తిస్తాడు. వరస పక్కన వరస, వరస మీద వరస, కొత్త తోలు తయారవుతుంది. ఊ కొడుతున్నారా, నిద్రపోయారా?

అయితే ఆయనకి చేతులు వణుకుతాయి. కోడలు నాంచారు వత్తాలి. నాంచారు నోరు చురుకు, చెయ్యి అంతకన్నా చురుకు. కాపురానికొచ్చిన కొత్తలో దారంలాంటి సన్నకారప్పూస వత్తి, అత్తగారి నోరు మూయించిన చెయ్యది. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెప్పేది.

వైద్యుడు గొట్టానికి లావు కన్నాల బిళ్ళ వేశాడు. మచ్చుకి అరిటాకు మీద కాస్త వత్తించాడు. రాజుగారు వచ్చి చూసి మొహం చిట్లించాడు. ఇదేమిటయ్యా, నులకమంచంలా ఉంది అన్నాడు. పక్క రాజ్యాల వాళ్ళంతా ఈ వింత చూడ్డానికి వస్తున్నారు, ఆడపిల్ల వీపు పూతరేకులా నున్నగా ఉండాలన్నాడు. చూశారా! పిల్ల బతుకుతుందా అని కాదు ఆ తండ్రి అడిగింది. నున్నగా ఉంటుందా అని!

ఇంకో రోజయితే నాంచారు ఊరుకునేది కాదు. వీపుకి పని అందమా, ఒళ్ళు కాయడమా అని మొహం మీదే అడిగేసేది. ఆ రోజు మాత్రం నోటికంటే ముందు చేతి పొగరు మాట్లాడింది.

"మావయ్యగారూ, సన్న కన్నాల బిళ్ళ వెయ్యండి. నేను వత్తుతాను."

"అమ్మా, అది శనగపిండి కాదే," అన్నాడు ముసలాయన.

"నా చెయ్యి మీకు తెలీదా?" అంది.

నిండు సభ. పీఠాల మీద పరాయి రాజులు. నాంచారు కొంగు బిగించి కూర్చుంది. నొక్కితే గంజి కదల్లేదు. ఇంకాస్త నొక్కింది. కదల్లేదు. పిండి గట్టిగా ఉంటే మనమేం చేస్తాం? నాలుగు నీళ్ళు చిలకరించుకుని మళ్ళీ కలుపుతాం. పొయ్యి దగ్గర చేసే ఆ పనే ఆవిడకి సభలో తోచలేదు. మోకాళ్ళ మీద లేచి ఒంటి బరువంతా వేసి వత్తింది. వచ్చింది దారం. పట్టుదారం! సభంతా ఆహా ఓహో.

అప్పుడే గొట్టంలో చిటపటమని చిన్న చప్పుడు, ఆవాలు పేలినట్టు. అది నాంచారు చేతికి తెలిసింది. చెవి మాత్రం చప్పట్ల వైపే ఉంది. ఆపలేదర్రా. ఆపలేదు.

వైద్యుడి దగ్గర ఒక పసరుండేది. చల్లితే బతికున్న నలుసు పచ్చగా మెరుస్తుంది, చచ్చిన నలుసు ఎర్రగా కనపడుతుంది. మంత్రి ఆ పసరు లాక్కుని చల్లాడు. ఎక్కడో నాలుగు ఎర్ర చుక్కలు, మిగతాదంతా పచ్చగా చేనులా ఉంది. ఇంకేం, నగారా కొట్టించాడు. తోలు తీసి పిల్ల వీపుకి అంటించారు. మర్నాడు నున్నగా ఉంది. ఆ మర్నాడూ నున్నగానే ఉంది. మూడోనాటికి బూడిదరంగు తిరిగింది. వాసనేసింది. పిల్లకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. నాంచారు పసరు చల్లితే, మిరపపళ్ళు ఆరబోసినట్టు ఎరుపు.

ఏమయింది? అవి గొట్టంలోంచి బతికి బయటపడ్డాయి కానీ, బాగుండి బయటపడలేదు. సన్న కన్నంలో ఒరుసుకుని ఒకదానికి ఒళ్ళు చీరుకుంది, ఒకదానికి పక్కదాని చెయ్యి పట్టుకునే ఓపిక పోయింది, ఒకటి తను తోలు కావాలన్న సంగతే మరిచిపోయింది. లోపలున్న వాటికి సందు లేక తిండి అందలేదు, గాలి అందలేదు. కన్నం దాటినప్పుడే చావు వాటి వెంట పడింది, పట్టుకోడానికి మూడు రోజులు పట్టిందంతే.

ఇక చూడండి సంబరం. రాజు మంత్రిని తిట్టాడు. మంత్రి వైద్యుణ్ణి తిట్టాడు. వైద్యుడు బిళ్ళని తిట్టాడు. బిళ్ళకి నోరు లేదు. తిట్టు తిరిగి తిరిగి చేతి దగ్గర ఆగింది. ఆ చెయ్యి నరకమన్నాడు రాజు.

నాంచారు చెయ్యి చాపింది. నరకండి మహారాజా, తప్పు ఈ చేతిదే అంది. చప్పుడు విన్నాను, ఆపలేదు అంది. కానీ నున్నగా కావాలన్న నోటిని ఎవరు కుడతారు? మూడు రాత్రులైనా ఓపిక పట్టకుండా నగారా కొట్టించిన తొందరని ఏ కత్తితో నరుకుతారు? నా చెయ్యి పోతే మీ అమ్మాయికి మళ్ళీ వత్తేదెవరు? మీరు వత్తుతారా, మంత్రిగారు వత్తుతారా? రాజు కత్తి దింపించాడు. కూతురి కోసమే దింపాడు, కోడలి మాటకి కాదు.

కుళ్ళిన తోలు ఊడదీసేశారు. పిల్ల చిక్కి సగమయింది. రెండో తొడ మీంచి గోరంత తీయాలి, అదే ఆఖరు. మూడోసారి తీస్తే తట్టుకోదన్నాడు వైద్యుడు. నాంచారు పిల్లని ఒళ్ళో పట్టుకుంది.

"ఈసారి నొప్పెట్టకుండా వత్తుతావా?" అంది వకుళ.

"నీకు నొప్పి తప్పదు తల్లీ."

"నాక్కాదు. వాటికి."

నాంచారుకి ఏడుపు ఆగలేదు.

ఈసారి గంజి పల్చగా కలిపింది. ఒంటి వేడి దాటకుండా, చల్లారకుండా చూసింది. లావు కన్నాల బిళ్ళ వేసింది. నలుసుల్ని గొట్టంలో కాచుకుని కూర్చోబెట్టకుండా, కలిపిన వెంటనే, మెల్లిగా, పసిపిల్లకి ఉగ్గు పట్టినట్టు వత్తింది. చిటపటమంటే ఆగింది. వరసకీ వరసకీ మధ్య తిండి వెళ్ళడానికి సందు వదిలింది. అయినా కొన్ని చచ్చాయి. ఎంత మెల్లిగా వత్తినా కొన్ని చస్తాయర్రా, ఆవిడ ఆ మాట దాచలేదు.

మంత్రి వచ్చి తలుపు కొట్టాడు. పచ్చగా ఉందా, నగారా కొట్టించనా అని. ఉంది, కానీ ఇప్పుడే కొట్టొద్దు, బతికున్నాయా అని కాదు, బాగున్నాయా అని అడగడానికి రండి, మూడు రాత్రులు పోయాక రండి అంది లోపల్నించే. ఆడదానికి ఇంత పొగరా అని గొణుక్కుంటూ పోయాడు. ఈసారి మాత్రం మంచి పొగరే అది.

మూడు రాత్రులూ నాంచారు కన్ను మూయలేదు. నాలుగోనాటి పొద్దున పసరు చల్లితే చాలామటుకు పచ్చ. అప్పుడు తీసి పిల్ల వీపుకి అంటించింది. వారానికి నలుసులు చేతులు కలిపాయి. తోలు ఒంటికి పట్టింది.

అన్నీ బాగయ్యాయా? కాలేదు. మొదటి తోలు కుళ్ళిన చోట, ఎడం భుజం కింద, ఎంత చేసినా పట్టలేదు. ఆ వైపు చెయ్యి మళ్ళీ పైకి లేవలేదు. బతికినన్నాళ్ళూ వకుళ తన జడ తను వేసుకోలేకపోయింది. రోజూ పొద్దున్నే నాంచారు వచ్చి వేసేది. ఏ చెయ్యి వల్ల పోయిందో ఆ చెయ్యే వేసేది. ఇద్దరూ ఆ మాట ఎత్తేవారు కాదు.

రాజుగారు గట్లు గట్లుగా ఉన్న ఆ వీపు చూసి, చివరికి నులకమంచమే అయింది అన్నాడట. నులకమంచం మీద హాయిగా నిద్రపడుతుంది నాన్నగారూ, పూతరేకు మీద ఎవరు పడుకుంటారు అందట వకుళ. ఆ పిల్ల పెద్దదై, ఆయన తరవాత గద్దెనెక్కింది. నగారా మోగించే ముందు మూడు రాత్రులు ఆగాలని శాసనం వేయించింది. నాంచారు అటుపైన కూడా కారప్పూస దారంలాగే వత్తింది. పిండికి నొప్పి లేదు కదా.

అదర్రా సంగతి. ఉన్నంతలో అందరూ సుఖంగానే ఉన్నారు. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.

అమ్మడూ! మళ్ళీ ఆ పెచ్చు మీద గోరేనా? తియ్. దాని కింద అవి చేతులు పట్టుకుంటున్నాయే. పట్టుకోనీ.